దాచడానికి కాని తెల్లచీర

శనివారం మధ్యాహ్నం రెండూ ఇరవై. మహబూబ్‌నగర్‌లో నేను ఎక్కిన మూడో డ్రై క్లీనింగ్ షాపు అది.

నా బిడ్డ గ్లోరీ ఫోన్ ఆగిపోయి ఇరవై రెండు గంటలు దాటింది. నిన్న సాయంత్రం నాలుగూ ఐదుకు మాట్లాడింది. మూడు నిమిషాల పదకొండు సెకన్లు. ఆ తరువాత నేను నలభై ఒక్కసార్లు చేశాను, నలభై ఒక్కసార్లూ స్విచ్ ఆఫ్. అల్లుడు ప్రేమ్‌సాగర్ ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడు. వియ్యపురాలు బక్కమ్మకు ఫోనే లేదు. రాత్రంతా కూర్చుని, తెల్లవారుజామున నల్గొండలో బస్సెక్కి, తొమ్మిదింటికి వాళ్ల ఇంటి ముందు నిలబడితే తలుపుకు తాళం. గడప మీద పాల ప్యాకెట్ ఎండకు ఉబ్బిపోయి ఉంది.

పెళ్లయి సరిగ్గా పది రోజులు.

ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు కొలువు చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయి ఎనిమిది నెలలయింది. ఇప్పుడు నల్గొండలో పెళ్లి సంబంధాలకు ఎంక్వయిరీ చేసి పెడుతున్నాను. పిల్లగాడు తాగుతాడా, నౌకరీ నిజమేనా, ఇంతకు ముందు ఎక్కడైనా పెళ్లయిందా, ఇవన్నీ కనుక్కొని చెప్పడమే నా పని. ప్రేమ్‌సాగర్ గురించీ కనుక్కున్నాను. షాద్‌నగర్‌లో అతను పనిచేసే కంపెనీకి పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను. వాళ్ల చర్చి పెద్దలతో మాట్లాడాను. బక్కమ్మ పుట్టిల్లు మక్తల్‌కు మాత్రం పోలేదు. కాలు బెణికింది, ముహూర్తం దగ్గర పడింది, అంతా మంచివాళ్లే అంటున్నారు, ఒక్క ఊరే కదా అనుకున్నాను. ఆ ఒక్క ఊరే ఇప్పుడు గుండెలో ముల్లయి గుచ్చుతోంది.

గ్లోరీ నిన్న చెప్పిన మాటల్లో పట్టుకోవడానికి దొరికిన దారం ఒక్కటే.

"అమ్మా, పెండ్లి చీర మురికైందని అత్తమ్మ డ్రై క్లీనింగ్‌కు ఇచ్చిందంట. వచ్చే బుధారం ఇస్తరంట. రాంగనే నువ్వు చెప్పినట్లనే పాత ధోతి గుడ్డల చుట్టి వెడ్త. ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు."

అందుకే ఈ షాపులు తిరుగుతున్నాను.

షాపాయన పేరు ఎల్లేశం. ఇస్త్రీపెట్టె దింపి నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"పోలీసు," అన్నాను. అబద్ధమే. ఎనిమిది నెలల కింద నిజం.

అతను పరదా వెనక్కి పోయి ఎవరితోనో ఫోన్‌లో గుసగుసలాడి వచ్చాడు. పట్టించుకోలేదు.

"తెల్ల పట్టుచీర. వెండి జరీ. వచ్చిందా నీ షాపుకు?"

"రోజుకు నలభై చీరలు వస్తయమ్మా. పెండ్లిండ్ల సీజను."

"కొంగు మీద ద్రాక్షతీగ ఉన్న చీరలు ఎన్నొస్తయ్?"

ఎల్లేశం మెల్లగా రిజిస్టరు తీశాడు.

"గీ బుధారం వచ్చింది. సాయంత్రం ఆరున్నరకు. చీర ఒకటి, జాకెట్ ఒకటి, లంగా ఒకటి. పేరు గ్లోరీ. పెట్రోల్ వాష్, అర్జెంట్."

"తెచ్చింది ఎవరు?"

"అద్దాలు వెట్టుకున్న పెద్దామె. కుడికాలు జర ఈడ్చి నడుస్తది."

బక్కమ్మ. పేరు మాత్రం నా బిడ్డది రాయించింది.

"తీస్కపోయింది ఎప్పుడు?"

ఎల్లేశం వేలు గీత మీద ఆగింది. "నిన్న. శుక్రారం పదకొండూ ఇరవై."

నేను కౌంటరు చెక్క పట్టుకున్నాను. నాలుగూ ఐదుకు నా బిడ్డ చీర బుధవారం వస్తుందని చెప్పింది. అప్పటికి ఆ చీర షాపు దాటి నాలుగూ ముప్పావు గంటలు. బక్కమ్మ తన కోడలికి అబద్ధం చెప్పింది. ఒక చీర గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంటుంది?

"ఎట్ల కట్టిచ్చినవ్? ప్లాస్టిక్ సంచిల వెట్టినవా?"

"నేను చెప్పిన అమ్మా!" ఎల్లేశం తన పని మీద మాట పడుతుందని గబగబా అందుకున్నాడు. "పెండ్లి చీర గద, ప్లాస్టిక్‌ల వెడితే చెమ్మ వట్టి జరీ నల్లగైతది. తెల్ల పట్టు పచ్చబారుతది. మల్లు గుడ్డల చుట్టిస్త, మూడు నెల్లకోపారి మడత మార్చుండ్రి, డాంబరు గోలీలు చీరకు తాకనీయకుండ్రి అని అన్ని చెప్పిన. గామె ఇననే లేదు."

"ఏమన్నది?"

"'దాచెటందుకు గాదు బిడ్డా, రెండు దినాల్ల పనున్నది, హ్యాంగర్‌కు ఏసియ్యి' అన్నది."

మా ఇండ్లలో పెళ్లి తెల్లచీరను ఆడది రెండేసార్లు కడుతుంది. మొదటిసారి చర్చిలో, తానే కట్టుకుంటుంది. తరువాత దాన్ని శుభ్రం చేయించి, గుడ్డలో చుట్టి, పెట్టె అడుగున పెడుతుంది. పండక్కి తియ్యదు, ఇంకొకరి పెళ్లికి తియ్యదు. రెండోసారి కట్టేది ఇంకొకళ్లు. మా అమ్మ చీర నలభై మూడేళ్లు పెట్టెలో ఉంది. ఆమె పోయిన రోజు ఆ పెట్టె మూత తీసింది నేనే. కట్టింది నేనే.

రెండు రోజుల్లో పనుందట.

ఛీ, నా నోట్లో మన్ను పడ. ఎప్పుడూ ఇదే నా బుద్ధి. పిల్లది దగ్గితే క్షయ అనుకుంటాను, తలుపు చప్పుడైతే చావు కబురనుకుంటాను. ఇంకేదో ఉండి ఉంటుంది. ఫొటోలు దిగడానికేమో. చుట్టాలకు చూపించడానికేమో.

"ఇంకోటి ఉన్నదమ్మా," అన్నాడు ఎల్లేశం. "లంగా తీస్కపోలే. మరక పోలేదంటె, ఉండనియ్యి అవసరం లేదన్నది."

బల్ల కింద నుంచి తీసి పరిచాడు. తెల్ల శాటిన్ లంగా. అంచు పొడవునా జానెడు వెడల్పున ఎర్రటి మరక.

అప్పుడే బయట జీపు ఆగింది. పరదా వెనుక ఫోన్ ఎవరికో అర్థమయింది.

ఎస్సై దశరథ్ లోపలికి వచ్చాడు. పన్నెండేళ్ల కింద నల్గొండలో నా కింద కానిస్టేబుల్. పరీక్ష రాసి ఎస్సై అయ్యాడు. పొద్దున పదింటికి నేను ఫిర్యాదు రాసుకొని పోతే, కాగితం చదవకుండానే మడిచి నా చేతిలో పెట్టినవాడు.

"ఏం మేడం, డ్యూటీ ఇంక దిగలేదా? ఎవరో ముసలామె పోలీసునని దబాయిస్తున్నదంటె ఎవరో అనుకున్న."

"నువ్వు చెయ్యాల్సిన పని నేను చేస్తున్న దశరథ్."

"ఏం పని? కొత్త పెండ్లం మొగడు ఫోన్ బంద్ వెట్టుకున్నరని కేసు రాయాల్నా? ఊటీకో గోవాకో పోయింటరు. వాళ్లను జర బతకనియ్యరాదు."

"తల్లిని ఎంటవెట్టుకొని పోతరా హనీమూన్‌కు?"

ఎల్లేశం నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దశరథ్ మొహం మాడింది.

"మేడం సంగతి ఠాణలో ఎవరికి ఎరుక లేదు? బిడ్డ స్కూల్ బస్సు పది నిమిషాలు లేటైతే వైర్‌లెస్ల అడిగిన మనిషి. ఆ దినం గూడ కిడ్నాప్ అన్నరు. బస్సు టైరు పంచరైంది."

అది నిజమే.

అంతలో అతని చూపు లంగా మీద పడింది. నవ్వు ఎగిరిపోయింది. ఒక్క అంగలో వచ్చి ఎల్లేశం గల్లా పట్టుకున్నాడు.

"ఎవరి నెత్తురు రా ఇది?"

"సారూ, నాకెర్క లేదు సారూ! వచ్చినప్పుడే గట్లున్నది!"

"నెత్తురు గుడ్డ వస్తె ఠాణకు చెప్పాల్నని ఎర్క లేదా? మూడు దినాల సంది బల్ల కింద దాస్తవా? నడువ్ జీపెక్కు. రేయ్, గా గుడ్డ సంచిల ఎయ్యిండ్రి."

బయటి నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. ఎల్లేశాన్ని ఠాణకు తీసుకుపోతారు, అడుగుతారు, కొడతారు, కాగితాలు రాస్తారు. సాయంత్రమవుతుంది. నాకు సాయంత్రం దాకా టైం లేదని ఎందుకో గట్టిగా అనిపిస్తోంది.

లంగాను లాక్కొని వెలుతురులో పట్టాను. అంచు నలిపాను. గుడ్డ గరుగ్గా, అట్ట కట్టినట్టు ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బట్టల సబ్బు.

"ఆగు దశరథ్. ఇది నెత్తురు గాదు."

"ఇన్నేండ్లకు మీరు భయపడని దినం ఒకటి వచ్చింది," అన్నాడు. "అదిగూడ నెత్తురు జూసి."

గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. శనివారం కదా, పొద్దునే కట్టిన కొత్త నిమ్మకాయ. అందుకొని పుటుక్కున తెంపాను.

"అమ్మా! దిష్టి నిమ్మకాయమ్మా అది!" ఎల్లేశం గల్లా పట్టుకొని ఉన్న చెయ్యి కింది నుంచే అరిచాడు.

"నీ దిష్టే తీస్తున్న, గమ్మునుండు."

బల్ల మీది కత్తెరతో కోసి, మరక మీద పిండాను. ముగ్గురు మగవాళ్లూ వంగి చూశారు. రసం పడ్డ చోట ఎరుపు కరిగి, చుక్క చుక్కగా, పసుపు పచ్చగా మారింది. ఇంకో చోట పిండాను. అక్కడా పసుపే. అంచు చుట్టూ తిప్పి ఆరు చోట్ల పిండాను. ఆరు చోట్లా పసుపే.

"పసుపుల సున్నం కలిపితె ఎర్రనీళ్లయితయా లేదా? సబ్బు గూడ సున్నం లెక్కనే. పసుపు మరకకు సబ్బు వెడితె ఎర్రగైతది, పులుపు తాకితె మళ్ల పచ్చగైతది. పెండ్లినాడు మా యాదమ్మ వదినె గ్లోరీ కాళ్లకు పసుపు రాసింది. వాళ్లు గుడికి పోయేటోళ్లు, వద్దంటె ఇనలే. గా కాళ్ల పసుపు ఇది."

దశరథ్ గల్లా వదిలేశాడు. ఎల్లేశం నేల మీదనే కూలబడ్డాడు.

నా బిడ్డ నెత్తురు కాదు. యేసయ్యా, నా బిడ్డ నెత్తురు కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

"సబ్బు వెట్టింది గ్లోరీ గాదు," అన్నాను. "పసుపుకు సబ్బు వెట్టొద్దని మూడుసార్లు చెప్పి పంపిన. గీ లంగాను సబ్బు వెట్టి, సరిగ్గ జాడియ్యకుండనే తెచ్చిండ్రు. ఎవరో ఆగమాగం జేసిండ్రు."

"అత్త ఉతికింది. అయితె ఏంది? కోడలి లంగా అత్త ఉతికిందని ఏ సెక్షన్ కింద రాయాలె మేడం?"

"చీర కావాలె, లంగా అవసరం లేదన్నది. పెండ్లి చీర కట్టుకునే ఆడిది లంగా వద్దంటదా?"

"ఇంకోటి కొనుక్కుంటది."

"దాచెటందుకు గాదన్నది. బుధారం వస్తదని కోడలికి చెప్పి, శుక్రారమే తీస్కపోయింది."

"మేడం," దశరథ్ గొంతు తగ్గించాడు. అందులో జాలి ఉంది, వెక్కిరింత కంటే అదే ఎక్కువ మండించింది. "ఇంటికి పోండ్రి. బుక్కెడు బువ్వ తినుండ్రి. రేపటికల్ల బిడ్డనే ఫోన్ జేస్తది."

అతను టోపీ పెట్టుకొని గుమ్మం దాటుతున్నాడు. నేను ఎల్లేశం వైపు తిరిగాను. ఒక్కటి మిగిలింది.

"జాకెట్ గూడ హ్యాంగర్‌కే ఏసినవా?"

"లేదమ్మా. చీర ఒక్కటే ఏసిన. జాకెట్ చేతిల పట్టుకొని పక్కకు శోభ టైలర్ కాడికి పోయింది."

నాలుగడుగుల దూరం. పరుగెత్తాను. దశరథ్ జీపు దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపడం కనిపించింది.

శోభ మిషను మీద జాకెట్ చేతులు కుడుతోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. మెడలో టేపు.

"బిడ్డా, నిన్న పదకొండున్నరకు అద్దాల పెద్దామె తెల్ల జాకెట్ తెచ్చిందా?"

పెడల్ ఆగింది. "నువ్వు ఆమెకు ఏమైతవక్కా?"

"వియ్యపురాలిని."

శోభ లేచి నిలబడింది. వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అయ్యో, తల్లివా అక్కా? మట్టి ఎప్పుడు జేస్తున్నరు?"

నాకు అర్థం కాలేదు. ఆ మాట నా ఒంట్లోకి దిగడానికి టైం పట్టింది. అర్థమయ్యాక మిషను బల్ల పట్టుకున్నాను.

"ఎవరికి... మట్టి?"

శోభ చేతులు వదిలేసింది. "ఆమె... కోడలన్నది గద. పొద్దుగాల్నే పోయిందన్నది. జ్వరమొచ్చి. మీ ఇంటోళ్లు కత్తెర వెట్టొద్దు, బయటోళ్లే కొయ్యాలంట గద, జర కోసియ్యి బిడ్డా అని ఏడ్చింది."

"ఏం కోసినవ్?"

"వెనుక. మెడ కాడికెల్లి నడుము దాక నిలువున కోసి, రెండు దిక్కుల నాడాలు కుట్టిన."

ముప్పై ఒక్క ఏళ్ల కొలువులో ఎన్నోసార్లు దవాఖాన మార్చురీ గదిలోకి నన్నే పంపారు, ఆడపోలీసును కదా అని. బిగుసుకుపోయిన చేతులు జాకెట్ చేతుల్లో దూరవు. అందుకే వెనుక కోస్తారు. ముందు నుంచి తొడిగి, వెనుక నాడాలు ముడేస్తారు. బతికున్న మనిషికి ఎవరూ అలా కుట్టించరు. మా అమ్మ జాకెట్ కోసింది కూడా పక్కింటి ఆమే. ఇంటివాళ్లు కత్తెర పెడితే ఇంకో చావు పిలిచినట్టని మాలో నమ్మకం.

బక్కమ్మ ఆ కట్టు తప్పలేదు. అంత పని తలపెట్టిన మనిషి కత్తెర పెట్టడానికి భయపడింది.

"ఎన్నింటికి చెప్పింది, కోడలు పోయిందని?"

"పదకొండున్నర. కుట్టి ఇచ్చేసరికి పన్నెండు గొట్టింది."

ఫోన్ తీసి దశరథ్ మొహం ముందు పెట్టాను. ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"జూడు. నాలుగూ ఐదు. నా బిడ్డ నాతోని మూడు నిమిషాలు మాట్లాడింది. పదకొండున్నరకు పోయిన మనిషి నాలుగింటికి ఎట్ల మాట్లాడ్తది దశరథ్? పోలే. ఇంక పోలే. ముందుగాల్నే కోయించిపెట్టుకున్నరు!"

అతను వంగి ఆ టైం రెండుసార్లు చదివాడు. శోభ మాత్రం ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నన్నే చూస్తోంది.

"అక్కా, ఒకటి అడుగుత. ఆమెకు కొడుకులు ఎంతమంది?"

"ఒక్కడే. ఎందుకు?"

"రెండేండ్ల కింద గూడ గామెనే వచ్చింది. గప్పుడు గూడ తెల్ల జాకెటే, చిన్న పిల్లదే. జ్వరమొచ్చి కోడలు పోయిందన్నది. నేనే కోసిన. నిన్న మళ్ల వస్తె, పాపం, ఇద్దరు కొడుకులేమో, ఇద్దరి పెండ్లాలు పోయిండ్రేమో అనుకున్న."

మిషను మీద వేలాడుతున్న దారపు రీలు గాలికి తిరుగుతోంది. అది తప్ప ఇంకేమీ కదల్లేదు.

ఊరందరి అల్లుళ్లకూ మునుపు పెళ్లయిందా అని వెతికిన మనిషిని నేను. మక్తల్ ఒక్కటే వదిలేశాను.

దశరథ్ టోపీ తీసేశాడు. "యాడికి తీస్కపోతున్నమన్నది?" గొంతు మారిపోయింది.

"మక్తల్. తమ్ముని ఇంట్ల ఉన్నది పీనుగు, బస్సుకు టైమైతాంది, జల్ది కుట్టు అన్నది. రెండేండ్ల కింద గూడ మక్తలే అన్నది."

"తమ్ముని పేరు?"

"పెద్దులు అన్నట్టు యాది. గొర్ల మందల దిక్కు ఇల్లన్నది. గంతే ఎర్క."

దశరథ్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. మక్తల్ ఠాణ. పెద్దులు, గొర్ల మందల దిక్కు, అక్క పేరు బక్కమ్మ, ఉన్నపాటున మనుషులను పంపండి. మధ్యలో నా వైపు తిరిగి, పన్నెండేళ్ల కింద మాట్లాడినట్టు, "ఎక్కు అక్కా," అన్నాడు.

జీపులో ఒక కాలు పెట్టాను. చేతిలో ఫోన్ మోగింది.

ప్రేమ్‌సాగర్.

మూడూ ఏడు నిమిషాలు. దశరథ్ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏం ఎరుక లేనట్టే మాట్లాడు. స్పీకర్ వెట్టు. ఏడ్వకు."

"హలో, అల్లుడా?" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

"అత్తమ్మా, మస్తు సార్లు జేసినట్టున్నవ్. ఫోన్ సైలెంట్ల ఉండె. గ్లోరీకి నిన్న సందేళ సంది జ్వరం. ఒళ్లు కాలిపోతాంది. చుట్టాల ఇంట్ల ఉన్నం. సూది ఏయించినం, తక్వయితలేదు."

"యాడ బిడ్డా? ఏ ఊర్ల? నేనొస్త."

"ఇయ్యాల వద్దు అత్తమ్మా, ఎండల తిరిగి నువ్వు గూడ పడ్తవ్. రేపు పొద్దుగాల్నే నేనే ఫోన్ జేస్త, రా. ఇగో, మాట్లాడు. ఇంటె నీకే తెలుస్తది ఎట్లున్నదో."

అప్పుడు అర్థమయింది ఈ ఫోన్ ఎందుకో. రేపు నలుగురూ ఏమైందని అడిగితే, అవును, జ్వరమే, నిన్ననే గొంతు విన్నాను అని చెప్పడానికి అతనికి నా చెవులు కావాలి. కన్నతల్లి సాక్ష్యం.

చప్పుడు. గుడ్డ రాసుకున్న శబ్దం. తరువాత, ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టు, నా బిడ్డ గొంతు.

"అమ్మా..."

పెదవి కొరుక్కున్నాను. నెత్తురు ఉప్పగా తగిలింది. "చెప్పు బిడ్డా."

"కండ్లు మూతలు వడుతున్నయే. చేతులు లేస్తలేవు."

"కండ్లు మూయకు. నాతోని మాట్లాడు. నీ ముందల ఏమున్నది? నాకు చెప్పు. ఏం కనవడుతాంది?"

జీపు కదిలింది. దశరథ్ డ్రైవర్ భుజం మీద చెయ్యేసి నొక్కుతున్నాడు, పో, పో అని, నోటితో శబ్దం చెయ్యకుండా. మక్తల్ ఇంకా అరవై కిలోమీటర్ల పైనే.

"గోడ... గోడకు నా పెండ్లి చీర ఉన్నది." నాలుక మడతపడుతోంది. అయినా ఆ గొంతులో చిన్న సంతోషం. "బుధారం వస్తదన్నరు గద, అప్పుడే వచ్చిందే. మంచిగ తెల్లగైంది. మరకలు ఒక్కటి లేవు. ప్లాస్టిక్ గూడ లేదమ్మా, నువ్వు తిడ్తవని..."

వెనుక నుంచి ఒక ఆడగొంతు, "ఇగ చాలు, ఇటియ్యి," అంది.

"ఆగత్తమ్మా... అమ్మా, జాకెట్ ఒక్కటి ఆగం జేసిండ్రే. వెనుకంత కోసిపారేసిండ్రు." ఊపిరి తీసుకుంది. "నేను మంచిగైనంక... జర కుట్టిస్తవా?"